విప్పి సంచీలో పెట్టుకునే లీవర్ యాక్షన్ రైఫిల్: ఎవరికి ఏది?

లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను కిందికి తోసి పైకి లాగితే కొత్త తూటా ఎక్కేది) కొనాలని తేల్చుకున్నాక చాలామంది ఆగిపోయేది టేక్‌డౌన్ దగ్గర. పనిముట్లేవీ లేకుండా చేత్తోనే రెండు ముక్కలుగా విప్పి, చిన్న బ్యాగులో పెట్టుకుని, అవసరమైన చోట మళ్లీ బిగించుకోవచ్చనగానే మనసు అటే లాగుతుంది. అమెరికాలో ఇలాంటివి దొరికేవి తక్కువే గానీ, ఉన్నవాటి మధ్య తేడా చాలా ఎక్కువ. ఒకటి ఎలుగుబంట్లు తిరిగే అలాస్కా నదుల కోసం చేసినది. మరొకటి మూడు వందల గజాల దూరంలో జింకను కొట్టగలిగేది. ఇంకొకటి కుందేళ్లకూ ఉడతలకూ తప్ప పనికిరాదు. "టేక్‌డౌన్" అనే ఒక్క మాట చూసి కొంటే వీటిలో మీకు అక్కర్లేనిది ఇంటికి వచ్చే అవకాశమే ఎక్కువ.

ఇక్కడ నాలుగు రకాలను పోలుస్తున్నాను: మార్లిన్ 1895 ఆధారంగా అలాస్కాలోని వైల్డ్ వెస్ట్ గన్స్ చేసే కో-పైలట్, ఇటలీలో కియాప్పా కంపెనీ చేసే 1892, 1886 టేక్‌డౌన్లు, బ్రౌనింగ్ బీఎల్ఆర్ టేక్‌డౌన్, పాత మార్లిన్ 39ఏ.

సంచీలోనా, చేతిలోనా?

మోడల్ సంగతి తర్వాత. ఫీల్డ్‌లో ఉన్నప్పుడు ఆ రైఫిల్ ఎక్కువసేపు సంచీలో ఉంటుందా, చేతిలో ఉంటుందా? ఇది తేలకుండా ముందుకు వెళ్లొద్దు.

ఎలుగుబంటి నుంచి రక్షణ కోసం కొనేవాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. విప్పి సంచీలో ఉన్న రైఫిల్ ఎలుగుబంటి మీదికి వచ్చిన క్షణంలో లేనట్టే. ఎంత అలవాటున్న చేతికైనా ముక్కలు తీసి, బిగించి, తూటాలు నింపడానికి పట్టే సమయం ఆ క్షణంలో దొరకదు. ముప్ఫై, నలభై గజాల నుంచి దూసుకొచ్చే జంతువు మీ దగ్గరికి చేరడానికి కొన్ని సెకన్లు చాలు. కాబట్టి రక్షణ కోసమైతే విమానంలోనో పడవలోనో వెళ్లేటప్పుడు విప్పి ఉంచండి, దిగగానే బిగించి భుజానికి తగిలించుకోండి. నడుస్తున్నంతసేపూ అది సంచీలోనే ఉండబోతుంటే మీ రక్షణ నడుముకు తగిలించిన బేర్ స్ప్రే (ఎలుగును తరిమే కారపు స్ప్రే) మీదే ఉంది. రైఫిల్ ఉన్నా స్ప్రే ఉండాలి. భయంతో వణికే చేతులకు గురి చూసి కాల్చడం కంటే స్ప్రే కొట్టడమే సులభం.

ఇక కారు డిక్కీలోనో ట్రక్కులోనో వేసుకుని వెళ్లి, అక్కడినుంచి నడిచి వేటాడేవాళ్లకు నిజానికి టేక్‌డౌన్ అక్కర్లేదు. మామూలు మార్లిన్ 1895 ఎస్‌బీఎల్ మొత్తం పొడవే సుమారు 37 అంగుళాలు. అది ఏ కారులోనైనా పడుతుంది, విప్పాల్సిన అతుకు ఉండదు, ఖర్చూ తగ్గుతుంది. టేక్‌డౌన్ నిజంగా అక్కరకొచ్చేది చిన్న విమానాల్లో, నీళ్ల మీద దిగే ఫ్లోట్ ప్లేన్లలో, రాఫ్టుల్లో, మోటార్ సైకిళ్ల మీద తిరిగేవాళ్లకు, వీపు మీది బ్యాగులోంచి రైఫిల్ బయటికి పొడుచుకు రాకూడదనుకునేవాళ్లకు. మీరు ఈ జాబితాలో లేకపోతే మామూలు రైఫిల్ కొని, మిగిలిన డబ్బు తూటాల మీద, ప్రాక్టీసు మీద పెట్టండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది అతుకు. టేక్‌డౌన్‌లో మీరు అదనంగా డబ్బు పెట్టి కొంటున్నదే దాన్ని. విన్‌చెస్టర్ కంపెనీ 1890ల నుంచి తన లీవర్ రైఫిళ్లలో అమ్మిన పద్ధతి ఈ రోజుకీ చాలావాటిలో ఉంది. బ్యారెల్ (తూటా దూసుకెళ్లే గొట్టం) చివర మరలు పూర్తిగా చుట్టూ ఉండవు, మధ్యమధ్యలో చెక్కేసి ఉంటాయి. బ్యారెల్‌ను రిసీవర్‌లోకి (లీవర్, ట్రిగ్గర్ ఉండే నడిమి భాగం) నేరుగా తోసి పావు చుట్టు తిప్పితే మరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పాతకాలపు బల్బును హోల్డర్‌లో పెట్టి తిప్పినట్టు. ఆ తర్వాత బ్యారెల్ కింద తూటాలు ఉండే మ్యాగజైన్ ట్యూబును వెనక్కి తోస్తే దాని చివర రిసీవర్‌లోకి దిగి, బ్యారెల్ మళ్లీ తిరగకుండా ఆపుతుంది. విప్పడానికి అంతా తిరగేసి చేయాలి: ముందుగా తూటాలన్నీ తీసేసి, లీవర్ తెరిచి ఉంచి, ట్యూబును ముందుకు లాగి, బ్యారెల్‌ను పావు చుట్టు తిప్పి బయటికి తీయాలి. లీవర్ మూసి ఉండగా బలవంతంగా తిప్పితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

ఈ పద్ధతికి ఉన్న బలహీనత అరుగుదల. వందల సార్లు విప్పి బిగించాక, ముఖ్యంగా ఇసుక పడిన మరలతో తిప్పినప్పుడు, బ్యారెల్‌కీ రిసీవర్‌కీ మధ్య సందు వస్తుంది. పాత విన్‌చెస్టర్ టేక్‌డౌన్లలో ఆ అరుగుదలను సరిచేసుకోవడానికి చిన్న సర్దుబాటు స్క్రూలు ఉండేవి. మీరు కొనేదానిలో అలాంటి ఏర్పాటు ఉందా, లేకపోతే అతుకు వదులైనప్పుడు ఎవరు సరిచేస్తారు అన్నది కొనేముందే అడగాలి. వదులైన అతుకు వల్ల గురి తప్పుతుంది. అంతకంటే పెద్ద సంగతి, తూటా కూర్చునే చోటికీ, దాన్ని వెనక నుంచి మూసే బోల్టుకీ మధ్య ఉండాల్సిన దూరం పెరుగుతుంది. అప్పుడది భద్రతకు సంబంధించిన విషయమవుతుంది.

రెండోది గురి సామాను ఎక్కడ కూర్చుంటుందన్నది. కొత్తవాళ్లు దీన్ని దాదాపు ఎప్పుడూ అడగరు, మోసపోయేది ఇక్కడే. ముందు గురి బ్యారెల్ మీద, వెనక గురి రిసీవర్ మీద ఉంటే, విప్పిన ప్రతిసారీ రెండూ విడిపోతాయి. మళ్లీ బిగించినప్పుడు అతుకు సరిగ్గా అదే చోట కూర్చుంటేనే జీరో (గురి పెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా చేసిన సర్దుబాటు) అలాగే ఉంటుంది. రెండు గురులూ, లేదా స్కోప్, బ్యారెల్ మీదే ఉంటే అతుకు కొంచెం అటూ ఇటూ అయినా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అందుకే టేక్‌డౌన్ మీద స్కోప్ పెట్టేవాళ్లు బ్యారెల్ మీద ముందుకు అమర్చే స్కౌట్ స్కోప్ వైపు మొగ్గుతారు. రిసీవర్ నుంచి బ్యారెల్ మీదికి సాగే, స్కోప్ బిగించే పొడవాటి రెయిల్ మామూలు మార్లిన్లలో బాగుంటుంది గానీ టేక్‌డౌన్‌లో పనికిరాదు. అది అతుకు మీదుగా పోతుంది కాబట్టి దాన్ని తీయకుండా రైఫిల్ విప్పలేరు.

మూడోది తూటా. మీరు ఎంత దూరం కాలుస్తారు, దేన్ని కాలుస్తారు, మీ భుజం ఎంత తన్ను తట్టుకుంటుంది అన్న మూడూ కలిసి దీన్ని తేలుస్తాయి. ట్యూబు మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి. మొన తేలిన గట్టి బుల్లెట్ (తూటా ముందుండి దూసుకెళ్లే లోహపు ముక్క) వాడితే దాని మొన ముందున్న తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌ను తాకి లోపలే పేలే ప్రమాదం ఉంది. అందుకే వీటిలో చదును మొన బుల్లెట్లు గానీ, హార్నడీ కంపెనీ లెవరెవల్యూషన్ లాంటి మెత్తని మొన ఉన్నవి గానీ వాడాలి. చదును మొన గాలిని ఎక్కువ తోస్తుంది, వేగం త్వరగా పోతుంది, దూరం వెళ్లేకొద్దీ బుల్లెట్ బాగా కిందికి జారుతుంది.

పొడవు గురించి ఒక లెక్క చాలు: విప్పాక పొడవైన ముక్క ఎప్పుడూ బ్యారెల్ కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. 16 అంగుళాల బ్యారెల్ ఉన్నదైతే 20 అంగుళాల చుట్టుపక్కల బ్యాగు సరిపోతుంది. ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. కాబట్టి ఇంకా చిన్నది కావాలని కోయించుకోవాలనుకోవద్దు.

తుప్పు చివరన చెబుతున్నా చిన్న విషయం కాదు. సముద్రపు గాలి, వాన, తడి సంచీ ఉన్న చోట బ్లూయింగ్ అనే నల్లని పూత తొందరగా పోతుంది. అతుకు లోపల పట్టే తుప్పు పైకి కనిపించదు కూడా. అలాంటి చోట్లకు స్టెయిన్‌లెస్ గానీ గట్టి పూత ఉన్నది గానీ తీసుకోవాలి.

వైల్డ్ వెస్ట్ గన్స్ కో-పైలట్

అలాస్కాలోని ఆంకరేజ్‌లో పుట్టిన రైఫిల్ ఇది. చిన్న విమానాలు నడిపే బుష్ పైలట్ల కోసం తయారైనది కాబట్టే ఆ పేరు. మార్లిన్ 1895ను తీసుకుని, బ్యారెల్ కురచ చేసి, టేక్‌డౌన్ అతుకు అమర్చి, లోపలి భాగాలన్నీ నునుపు చేసి ఇస్తారు. కాల్చేది .45-70 గవర్నమెంట్ తూటా. అమెరికా సైన్యం 1873లో తీసుకున్న ఆ పాత తూటాకు ఇన్నేళ్ల తర్వాత కూడా ఎలుగుబంట్ల దేశంలో గౌరవం తగ్గలేదు. బరువైన, వెడల్పైన బుల్లెట్ దగ్గరి దూరంలో ఎముకలు విరిచి లోతుగా దిగుతుంది, పెద్ద జంతువును ఆపడానికి కావాల్సింది అదే.

మార్లిన్ రిసీవర్ పైభాగం గట్టిగా మూసి ఉంటుంది, కాల్చాక మిగిలే ఖాళీ తొడుగు పక్కకు ఎగురుతుంది. దాంతో స్కోప్ పెట్టుకోవడం తేలిక, పైనుంచి మంచూ ఆకులూ పడే అవకాశం తక్కువ. వైల్డ్ వెస్ట్ వాళ్ల సొంత తూటా .457 మ్యాగ్నమ్ కూడా ఉంది. అందులో మామూలు .45-70 కూడా కాల్చుకోవచ్చు. అయితే ఆ అదనపు శక్తి ఎందరికి కావాలన్నది నా సందేహం. ఏడు పౌండ్ల చుట్టుపక్కల ఉన్న రైఫిల్‌లో గట్టి .45-70 లోడే (మందు ఎక్కువ కూరిన తూటా) భుజాన్ని బాగా తన్నుతుంది. భయపడి కళ్లు మూసుకుని కాల్చే మ్యాగ్నమ్ కంటే ధైర్యంగా రెండోసారి గురిపెట్టగలిగే మామూలు తూటా మేలు.

.45-70 తూటాల్లో చాలా తేడాలున్నాయి, వీటిని కలపొద్దు. ఫ్యాక్టరీలో వచ్చే పాతరకం 405 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) లోడు సెకనుకు 1,330 అడుగుల వేగంతో మెత్తగా వెళుతుంది. 19వ శతాబ్దపు ట్రాప్‌డోర్ రైఫిళ్లకు కూడా ఇబ్బంది లేకుండా దాని ఒత్తిడి తక్కువగా పెట్టారు. ఎలుగుబంట్ల కోసం కొన్ని చిన్న కంపెనీలు చేసే బరువైన లోడ్లు అంతకంటే చాలా ఎక్కువ ఒత్తిడివి. అవి మార్లిన్ 1895 లాంటి ఆధునిక రైఫిళ్లకే. పెట్టె మీద ఏ రైఫిల్‌కో రాసి ఉంటుంది, అది చదివి తీరాలి.

దూరం విషయంలో ఈ తూటా నుంచి ఎక్కువ ఆశించొద్దు. హార్నడీ 325 గ్రెయిన్ల మెత్తటి మొన తూటాను వంద గజాల దగ్గర మూడు అంగుళాలు పైకి తగిలేలా జీరో చేస్తే, రెండు వందల గజాల దగ్గర నాలుగు అంగుళాల కిందికీ, మూడు వందల దగ్గర రెండు అడుగులకు పైగా కిందికీ జారుతుంది. రెండు వందల గజాల లోపు వాడుకునేవాళ్లకు ఇది చాలు.

కో-పైలట్‌తో అసలు ఇబ్బంది ధర. ఒక్కో రైఫిల్ చేత్తో చేసే పని, ఫ్యాక్టరీ రైఫిల్ ధరకు కొన్ని రెట్లు పడుతుంది, ఎదురు చూడాలి కూడా. మీ దగ్గరున్న మార్లిన్‌ను ఇచ్చి ఇలా మార్పించుకోవాలనుకుంటే అది ఏ కాలం నాటిదో చూసుకోండి. మార్లిన్ 2007 చివర్లో రెమింగ్టన్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత పాత కనెక్టికట్ ఫ్యాక్టరీ మూతపడి, యంత్రాలు, మనుషులు మారిపోయాక కొన్నేళ్లు వచ్చిన రైఫిళ్ల పనితనం గురించి చాలా ఫిర్యాదులున్నాయి. 2020లో రెమింగ్టన్ దివాలా తీసినప్పుడు మార్లిన్‌ను రూగర్ కొనుక్కుంది, 2021 చివర్లో కొత్త 1895లు బయటికి వచ్చాయి. నా ఓటు రూగర్ చేసినదానికి, లేదా బ్యారెల్ మీద పాత మార్లిన్ ఫ్యాక్టరీ జేఎం ముద్ర ఉన్న పాతదానికి.

కియాప్పా 1892, 1886 టేక్‌డౌన్లు

జాన్ మోజెస్ బ్రౌనింగ్ విన్‌చెస్టర్ కోసం గీసిన రెండు డిజైన్లకు ఇవి ఇటలీ నకళ్లు. నకలు అన్నానని తక్కువగా చూడొద్దు, ఆ డిజైన్లు అంత బలమైనవి. బోల్టును వెనక రెండు వైపులా నిలువుగా లేచే రెండు దిమ్మెలు పట్టుకుంటాయి. 1886ను చిన్నది చేస్తే వచ్చిందే 1892.

1892 అలాస్కన్ టేక్‌డౌన్ 16 అంగుళాల బ్యారెల్‌తో, మెరవని క్రోమ్ పూతతో, రబ్బరు పూసిన స్టాక్‌తో (భుజానికి ఆనించే భాగం) వస్తుంది. వానలో చేయి జారదు, తుప్పు పట్టదు, తేలిగ్గా ఉంటుంది. ఇది .44 మ్యాగ్నమ్, .357 మ్యాగ్నమ్ లాంటి రివాల్వర్ తూటాలు కాలుస్తుంది. చిన్న తూటా కదా అని చులకనగా చూసేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. పొడవైన బ్యారెల్‌లో అదే తూటా చాలా వేగం పుంజుకుంటుంది. 240 గ్రెయిన్ల .44 బుల్లెట్ రివాల్వర్ నుంచి సెకనుకు 1,200 నుంచి 1,400 అడుగుల మధ్య వెళితే, రైఫిల్ నుంచి 1,700 దాటుతుంది. జింకకూ, అడవి పందికీ, నల్ల ఎలుగుబంటికీ వంద గజాల లోపు అది సరిపోతుంది. పెద్ద బ్రౌన్ బేర్‌కు (గోధుమరంగు ఎలుగు) మాత్రం బరువైన గట్టి బుల్లెట్లు పెట్టుకున్నా .45-70 ముందు ఇది తక్కువే.

దీనికున్న గొప్ప సుఖం ప్రాక్టీసు. తన్ను తక్కువ కాబట్టి ఒక మధ్యాహ్నమంతా కాల్చినా భుజం నొప్పెట్టదు. .357 రైఫిల్‌లో .38 స్పెషల్, .44 రైఫిల్‌లో .44 స్పెషల్ కూడా కాల్చుకోవచ్చు, అయితే కురచ తూటాలు మీ రైఫిల్‌లో సాఫీగా ఎక్కుతున్నాయో లేదో ముందు చూసుకోండి. నడుముకు అదే తూటా రివాల్వర్ ఉంటే సంచీలో ఒకే రకం తూటాలు చాలు.

లోటు గురి దగ్గర. 1892లో ఖాళీ తొడుగు నేరుగా పైకి ఎగురుతుంది. రిసీవర్ నెత్తిన మామూలు స్కోప్ కుదరదు. పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి చూసే గురి) గానీ, బ్యారెల్ మీద స్కౌట్ స్కోప్ గానీ పెట్టుకోవాలి. వయసు వల్ల ఇనుప గురులు మసకగా కనిపించేవాళ్లు ఈ విషయం ముందే ఆలోచించుకోవాలి. మరోటి, ఒక్కో పీసులో పనితనం ఒక్కోలా ఉండొచ్చు. అందుకే వీలైతే చేతికి తీసుకుని చూడకుండా కొనొద్దంటాను.

.45-70 కావాలి గానీ కో-పైలట్ ధర పెట్టలేమనేవాళ్లకు కియాప్పా 1886 టేక్‌డౌన్ ఉంది. బలం విషయంలో దిగులు లేదు గానీ, 1886 రిసీవర్ పొడవు, బరువు ఎక్కువ. కాంపాక్ట్ అన్న మాటకు ఇది 1892 అంత న్యాయం చేయదు.

బ్రౌనింగ్ బీఎల్ఆర్ టేక్‌డౌన్

పైకి లీవర్ రైఫిలే గానీ లోపల ఇది బోల్ట్ యాక్షన్ లాంటిది. లీవర్ కదిపితే పళ్ల చక్రాలు బోల్టును నడుపుతాయి, బోల్టు తల తిరిగి నేరుగా బ్యారెల్‌లోకి లాక్ అవుతుంది. రిసీవర్ అల్యూమినియంతో చేసినా ఆధునిక రైఫిల్ తూటాల ఒత్తిడి తట్టుకునేది అందుకే. అతుకు పరంగా కూడా ఇది మంచి గుణం, తూటా బిగుతు రిసీవర్ అతుకు మీద కాకుండా బ్యారెల్, బోల్టు మీద ఆధారపడుతుంది. తూటాలు ట్యూబులో కాకుండా కింద పెట్టె మ్యాగజైన్‌లో ఉంటాయి, కాబట్టి మొన తేలిన బుల్లెట్లు ధైర్యంగా వాడొచ్చు. జపాన్‌లో మిరోకు కంపెనీ చేస్తుంది, పనితనంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు.

.308 విన్‌చెస్టర్‌లో 20 అంగుళాల బ్యారెల్‌తో ఆరున్నర పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 2,800 అడుగుల వేగంతో వెళుతుంది. రెండు వందల గజాల దగ్గర జీరో చేస్తే మూడు వందల దగ్గర జారేది ఏడెనిమిది అంగుళాలే. .45-70తో పోల్చి చూస్తే ఇది వేరే ఆట. .243 నుంచి .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ దాకా చాలా తూటాల్లో బీఎల్ఆర్ వచ్చింది. అంటే పశ్చిమ రాష్ట్రాల్లో విశాలమైన మైదానాల్లో ఎల్క్, ప్రాంగ్‌హార్న్ లాంటి జింకల్లాంటి జంతువులను వేటాడేవాళ్లకు ఈ నాలుగింటిలో పనికొచ్చేది ఇదొక్కటే.

అయితే జీరో సమస్య అందరికంటే ఎక్కువగా తగిలేది ఈ రైఫిల్ వాడేవాళ్లకే. యాభై గజాల్లో ఎలుగుబంటిని కాల్చేవాడికి అతుకు వల్ల అంగుళం తేడా వచ్చినా ఏమీ కాదు. మూడు వందల గజాల్లో కాల్చేవాడికి అదే తేడా ఎన్నో రెట్లు పెరిగి జంతువు గాయపడి తప్పించుకునేలా చేస్తుంది. వేటగాడికి అంతకంటే బాధ ఉండదు. అందుకే బ్యారెల్ మీద అమర్చే స్కౌట్ స్కోప్ బేస్ తీసుకోండి. రిసీవర్ మీదే స్కోప్ కావాలంటే, బిగించిన ప్రతిసారీ ఒకట్రెండు గుళ్లు కాల్చి సరిచూసుకోకుండా వేటకు వెళ్లొద్దు.

చిన్న చిక్కులు రెండున్నాయి. మ్యాగజైన్ విడి వస్తువు, అది నదిలో జారిపోతే మీ చేతిలో మిగిలేది ఒక్కో తూటా పెట్టుకునే రైఫిల్. రెండోది తప్పకుండా ఉంచుకోండి. ఇంకా, పళ్ల చక్రాల యాక్షన్‌ను ఇంట్లో పూర్తిగా విప్పి శుభ్రం చేయడం తేలిక కాదు, మళ్లీ పళ్లు సరిగ్గా కుదరకపోతే యాక్షన్ పనిచేయదు.

మార్లిన్ 39ఏ

.22 తూటా రైఫిల్. దీని వంశం 1891 మోడల్ నుంచి నడిచింది. పక్కనున్న ఒక పెద్ద స్క్రూను నాణెంతో తిప్పితే రిసీవర్ నడిమికి విడిపోతుంది. గురులు, బ్యారెల్ రెండూ ఒకే ముక్కలో ఉండిపోతాయి, స్కోప్ పెట్టినా అటే ఉంటుంది, కాబట్టి జీరో గొడవే లేదు. ఈ నాలుగింటిలోనూ అతుకు పరంగా నాకు బాగా నచ్చేది ఇదే. లోపలంతా తెరుచుకుంటుంది కాబట్టి బ్యారెల్‌ను వెనక నుంచి శుభ్రం చేసుకోవచ్చు. చిన్న జంతువులకు, పిల్లలకు నేర్పడానికి, క్యాంపులో ఉంచుకోవడానికి బాగుంటుంది. పెద్ద జంతువు వస్తుందన్న చోట మాత్రం ఇది తోడు కాదు. పాతవి వెతుక్కోవాలి, మంచి స్థితిలో ఉన్నవాటి ధర ఏటా పెరుగుతూనే ఉంది.

| చూడాల్సింది | కో-పైలట్ | కియాప్పా 1892 | బీఎల్ఆర్ టేక్‌డౌన్ | మార్లిన్ 39ఏ |
|---|---|---|---|---|
| తూటా | .45-70, .457 | .44, .357 మ్యాగ్నమ్ | .243, .308, .300 మ్యాగ్నమ్ వంటివి | .22 |
| సౌకర్యమైన దూరం | 150–200 గజాలు | 100 గజాలు | 300 గజాలు | 50–75 గజాలు |
| విప్పే తీరు | పావు చుట్టు మరలు | పావు చుట్టు మరలు | లీవర్ తెరిచి లాచ్ విడిస్తే చాలు | నాణెంతో స్క్రూ |
| విప్పినా జీరో నిలవాలంటే | బ్యారెల్ మీద గురి మేలు | బ్యారెల్ మీద గురి మేలు | స్కౌట్ స్కోప్ దాదాపు తప్పనిసరి | ఏమీ చేయనక్కర్లేదు |
| తన్ను | గట్టిది | తక్కువ | మధ్యస్థం, మ్యాగ్నమ్‌లో గట్టిది | లేనట్టే |
| ఖర్చు | చాలా ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | స్థితిని బట్టి |

ఎవరికి ఏది

అలాస్కాలో ఫ్లోట్ ప్లేన్ దిగి సాల్మన్ నదుల ఒడ్డున చేపలు పట్టేవాళ్లకు, బ్రౌన్ బేర్లు నిజంగా ఎదురయ్యేవాళ్లకు .45-70 తప్ప వేరేది చెప్పలేను. డబ్బు పెట్టగలిగితే కో-పైలట్, లేకపోతే కియాప్పా 1886. బ్రౌన్ బేర్లు లేని రాష్ట్రాల్లో ట్రెక్కింగ్, క్యాంపింగ్, దట్టమైన అడవిలో జింకల వేట అయితే .44 మ్యాగ్నమ్ 1892 తీసుకోండి. ఎక్కువమందికి సరిపోయేది అదే అని నా గట్టి నమ్మకం. తేలిగ్గా మోయగలరు, చవగ్గా ప్రాక్టీసు చేయగలరు, దూరం గురించి తమను తాము మోసం చేసుకోరు. దూరంగా కాల్చే వేటగాళ్లు బీఎల్ఆర్ .308 తీసుకుని, మిగిలిన డబ్బు మంచి స్కోప్ మీద పెట్టాలి. భార్యాభర్తలిద్దరూ ఒకే రైఫిల్ వాడుకుంటే, ఇద్దరిలో తక్కువ తన్ను తట్టుకోగలిగినవాళ్లను బట్టి తూటా ఎంచుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 39ఏ లాంటి .22 మీద ఒక సీజన్ గడిపి ఆ తర్వాత పెద్దది కొంటే గురి చాలా బాగుంటుంది.

కొట్లో చేతికి తీసుకున్నప్పుడు

ముందు ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతో మీరే చూడండి, అమ్మేవాళ్ల మాట చాలదు. ఆ తర్వాత వాళ్ల అనుమతితో నాలుగైదుసార్లు విప్పి బిగించండి. బిగించాక ఒక చేత్తో రిసీవర్, మరో చేత్తో ముందు కర్ర పట్టుకుని మెలిపెట్టి చూడండి. కదలిక తెలిస్తే, అతుకు దగ్గర వెలుతురు కనిపిస్తే వద్దనండి. కొత్త రైఫిల్‌లో కాస్త బిగువు ఉండటం మంచిదే, వాడేకొద్దీ సర్దుకుంటుంది.

కొన్నాక రేంజ్‌లో మొదట చేయాల్సింది ఇది: మూడు గుళ్లు కాల్చి గుర్తు పెట్టుకోండి, విప్పి బిగించండి, మళ్లీ మూడు కాల్చండి. ఇలా కొన్నిసార్లు చేస్తే మీ రైఫిల్ ఎంత మారుతుందో తెలుస్తుంది. ఆ తేడాను బట్టే ఎంత దూరం దాకా కాల్చాలో మీకు మీరు హద్దు పెట్టుకోవాలి. ఫీల్డ్‌లో బిగించే ముందు ప్రతిసారీ బ్యారెల్ లోంచి వెలుతురు చూడండి. మంచు గానీ మట్టి గానీ చిన్న ముక్క ఇరుక్కున్నా బ్యారెల్ పగిలిపోవచ్చు. మరలను పాత టూత్ బ్రష్‌తో తోమి, పలచగా గ్రీజు రాయండి. ఎక్కువ రాస్తే ఇసుక అంటుకుంటుంది.

కాగితాలు, ప్రయాణం

మనవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చట్టంలో ఉన్న కొద్ది మినహాయింపుల్లో ముఖ్యమైనది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. ఆ లైసెన్స్ గడువు ముగిసిన రోజు మినహాయింపు కూడా పోతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. డీలర్ దగ్గర నింపే ఫారం 4473లో ఈ ప్రశ్నలన్నీ ఉంటాయి. తప్పు సమాధానం రాయడం కూడా నేరమే, ఇమ్మిగ్రేషన్ మీద దాని ప్రభావం జీవితాంతం ఉండొచ్చు. ఏ కొంచెం సందేహమున్నా ముందు లాయర్‌ను అడగండి.

విమానంలో అయితే క్యాబిన్‌లోకి కుదరదు. ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ కౌంటర్‌లో చెప్పి, లగేజీలో పంపాలి. విడదీశారని నియమాలు మారవు, రిసీవర్ ఉన్న ముక్క చట్టం దృష్టిలో పూర్తి తుపాకీ. తూటాలు ఎన్ని, ఎలా సర్దాలన్నది ఎయిర్‌లైన్‌ను బట్టి ఉంటుంది, చాలావాటిలో హద్దు 11 పౌండ్లు. కెనడా మీదుగా అలాస్కాకు కారులో వెళ్లేవాళ్లు సరిహద్దు దగ్గర రైఫిల్ గురించి తప్పకుండా డిక్లేర్ చేయాలి.

అలాస్కాలో బ్రౌన్ బేర్‌ను వేటాడాలంటే బయటి రాష్ట్రాల వాళ్లకు లైసెన్స్ పొందిన గైడ్ గానీ, అక్కడే నివసించే దగ్గరి బంధువు గానీ తోడుండాలి. ప్రాణరక్షణ కోసం ఎలుగుబంటిని చంపాల్సి వస్తే వెంటనే అధికారులకు తెలియజేసి, చర్మం, పుర్రె ప్రభుత్వానికి అప్పగించాలి. ఆహారం సరిగ్గా దాచకపోవడం లాంటి మీ నిర్లక్ష్యం వల్ల ఎలుగు వచ్చి ఉంటే దాన్ని ఆత్మరక్షణగా ఒప్పుకోరు. అందుకే రైఫిల్ కొనే రోజే ఎలుగుబంట్లు తెరవలేని ఆహారపు డబ్బా, బేర్ స్ప్రే కూడా కొనండి.